కాక్లియర్ ఇంప్లాంట్ పిల్లలలో సమతాస్థితి పరీక్షలు

పుట్టుకతోనే వినికిడి లేని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చే ముందు వరసగా చాలా పరీక్షలు చేస్తారు. నిద్రపుచ్చి శబ్దానికి మెదడుకాండం స్పందన చూసే బెరా తీస్తారు, లోపలి చెవి నుంచి తిరిగివచ్చే ధ్వనిని కొలిచే ఓఏఈ చూస్తారు, సీటీ, ఎమ్మారై స్కాన్లలో లోపలి చెవి ఆకారమూ శ్రవణనాడీ ఎలా ఉన్నాయో పరిశీలిస్తారు, కొన్ని నెలల పాటు హియరింగ్ ఎయిడ్ పెట్టి ఫలితం ఉందో లేదో తేల్చుకుంటారు. ఇవన్నీ వినికిడికి సంబంధించినవే. లోపలి చెవిలో వినికిడితో పాటు శరీరపు సమతాస్థితిని కాచే అవయవం కూడా ఉంది. అది పనిచేస్తోందా అన్న ప్రశ్న మాత్రం చాలా చోట్ల ఆపరేషన్‌కు ముందూ రాదు, తరవాతా రాదు. టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆస్పత్రి, పారిస్‌లోని రొబేర్ దెబ్రే ఆస్పత్రి, బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వంటి కొద్ది కేంద్రాలు ఈ ప్రశ్నను పట్టుదలగా వెంటాడాయి. అవి పోగుచేసిన ఆధారాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇంప్లాంట్ అమర్చబోయే ప్రతి బిడ్డకూ సమతాస్థితి పరీక్ష ఆపరేషన్‌కు ముందే జరగాలి. ఏ చెవికి ముందు ఇంప్లాంట్ పెట్టాలి, చెవుడుకు కారణమేమిటి, బిడ్డ నడక ఎందుకు ఆలస్యమవుతోంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబులో కొంత భాగం ఆ పరీక్షలోనే ఉంది. ఇది వీలుంటే చేసి లేకపోతే మానేసే అదనపు పరీక్ష అనుకోవడానికి వీల్లేదు.

లోపలి చెవి నిర్మాణం చూస్తే ఈ రెండు పనులూ ఎంత దగ్గరగా ముడిపడ్డాయో అర్థమవుతుంది. కణత ఎముక లోపల ఒకే ఎముక గూడు ఉంది. అందులో ఒకే ఇంట్లో రెండు వాటాలలాగా ఒక పక్క నత్తగుల్ల ఆకారంలో కర్ణావర్తం, మరో పక్క మూడు అర్ధవర్తుల కుల్యలు, మధ్యలో పేటిక ఉంటాయి. తల ఎటు తిరిగినా ఆ మలుపును పసిగట్టేవి కుల్యలు. పేటికలో సేక్యులస్, యుట్రిక్యులస్ అని రెండు చిన్న సంచులున్నాయి; తల వాలుగా ఉందా నిటారుగా ఉందా, శరీరం పైకి లేస్తోందా ముందుకు పోతోందా అన్నది అవి చెబుతాయి. కర్ణావర్తంలోనూ వీటిలోనూ పనిచేసేవి రోమకణాలే. వాటిని తడిపే అంతరలసిక ఒకటే, చుట్టూ ఉండే పరలసిక ఒకటే, రక్తం తెచ్చే నాళమూ ఒకటే. సేక్యులస్ అయితే కర్ణావర్తం మొదలుకు ఆనుకునే ఉంటుంది, సర్జన్ ఎలక్ట్రోడును లోపలికి పంపే దారికి మిల్లీమీటర్ల దూరంలో. కాబట్టి చెవుడు తెచ్చిన జబ్బు పక్కనున్న సమతాస్థితి అవయవాన్ని కూడా తాకి ఉండవచ్చు; చెవుడుకు చేసే చికిత్స కూడా దాన్ని తాకవచ్చు. ఈ రెండూ వేరువేరు అవకాశాలు. వీటిని విడదీసి చెప్పగలగాలంటే ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తరవాత ఒకసారి కొలవడం తప్ప మరో మార్గం లేదు.

చెవిటివాళ్లలో చాలామందికి కళ్లు తిరగవన్న సంగతి వైద్యానికి కొత్త కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1882లో ప్రచురించిన పరిశీలనలో 519 మంది బధిరులను గిరగిరా తిప్పి చూసిన ఫలితాలున్నాయి. వారిలో 186 మందికి కళ్లు అసలు తిరగలేదు, 134 మందికి కొద్దిగా మాత్రమే తిరిగాయి, మిగతా 199 మందికి అందరిలాగే తిరిగాయి. హార్వర్డ్ కళాశాలలో వినికిడి ఉన్న 200 మందిని అలాగే తిప్పితే ఒక్కరికి తప్ప అందరికీ తిరిగాయి. 1950ల చివర అమెరికా నౌకాదళం, నాసా కలిసి గాలొడెట్ కళాశాలకు చెందిన పదకొండు మంది బధిర పురుషులను అంతరిక్ష ప్రయాణ ప్రయోగాలకు ఎంచుకున్నాయి. వారిలో పదిమందికి చిన్నప్పుడు మెదడుపొరల వాపు జ్వరంతో చెవుడు వచ్చింది, దాంతోపాటే సమతాస్థితి అవయవాలూ పోయాయి. నోవా స్కోషియా తీరంలో పోటెత్తిన సముద్రంలో ఓడ ఎక్కించినప్పుడు వాళ్లు నిశ్చింతగా పేకాడుకుంటూ ఉంటే, వాళ్లను పరిశీలించడానికి వెళ్లిన శాస్త్రవేత్తలు వాంతులతో మంచం పట్టారు. ఆ ప్రయోగాల్లో ఈ లోటు ఒక వరంలా పనికొచ్చింది. కానీ వాళ్లంతా నడక వచ్చిన పెద్దవాళ్లు. అదే లోటుతో పుట్టి, ఇంకా మెడ నిలపడం నేర్చుకోవలసిన బిడ్డ పరిస్థితి వేరు. జేమ్స్ లెక్కలు వెలువడిన తరవాత ఒక శతాబ్దం గడిచినా పిల్లల విషయంలో ఆ ప్రశ్న చాలా చోట్ల రోజువారీ వైద్యంలోకి రాకపోవడం విచారించదగ్గ విషయం.

పిల్లల్లో ఈ లోటు ఎంతమందికి ఉంది? పారిస్ బృందం 2009లో ప్రచురించిన పరిశీలనలో, ఇంప్లాంట్‌కు వచ్చిన 224 మంది పిల్లల్లో ఆపరేషన్‌కు ముందే సగం మందికి సమతాస్థితి అవయవాల పనిలో ఏదో ఒక లోపం కనిపించింది. నూటికి ఇరవైమందికి రెండు వైపులా ఏమాత్రం స్పందన లేదు. టొరంటో బృందం తమ పిల్లల్లో చూసిన లెక్కలూ దాదాపు ఇదే తీరులో ఉన్నాయి. అయితే ఈ సగటు అంకెను ప్రతి బిడ్డకూ వర్తింపజేయకూడదు, ఎందుకంటే లోటు ఉందా లేదా అన్నది చెవుడు కారణాన్ని బట్టి బాగా మారుతుంది. మన దేశంలోనూ బయటా పుట్టు చెవుడుకు బాగా తరచుగా కనిపించే జన్యు కారణం కనెక్సిన్ 26 లోపం. ఆ పిల్లల్లో సమతాస్థితి చాలావరకు బాగానే ఉంటుంది. మెదడుపొరల వాపు, గర్భంలో సోకే సైటోమెగలోవైరస్, లోపలి చెవి ఆకారపు లోపాలు, చార్జ్ సిండ్రోమ్, అషర్ సిండ్రోమ్ మొదటి రకం ఉన్నచోట అది చాలాసార్లు తీవ్రంగా దెబ్బతింటుంది. సైటోమెగలోవైరస్ సోకిన పిల్లల్లో మొదట బాగున్న సమతాస్థితి తరవాత క్రమంగా తగ్గిపోవడం కూడా ఉంది. అందుకే ఒక్కసారి చూసి వదిలేస్తే సరిపోదు.

సమతాస్థితి అవయవం పనిచేయని బిడ్డను మొదట పట్టిచ్చేది నడక. సాధారణంగా మూడు నాలుగు నెలలకు బిడ్డ మెడ నిలుపుతుంది, ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య ఆసరా లేకుండా కూర్చుంటుంది, ఏడాది అటూ ఇటూగా నడుస్తుంది. రెండు వైపులా సమతాస్థితి పోయిన పిల్లల్లో ఈ మెట్లన్నీ వెనక్కి జరుగుతాయి, నడక ఏడాదిన్నర దాటిపోతుంది. జపాన్‌లో కిమితాకా కాగా బృందం 1981లోనే ఈ క్రమాన్ని వివరించింది. ఇక్కడ తల్లిదండ్రులు, చాలాసార్లు డాక్టర్లు కూడా, ఒక పొరపాటు అభిప్రాయంలో ఉంటారు: బిడ్డకు వినపడదు కాబట్టి అన్నీ ఆలస్యంగానే వస్తాయి అని. చెవుడు మాటను ఆలస్యం చేస్తుంది, నడకను చేయదు. సమతాస్థితి బాగున్న చెవిటి బిడ్డ తోటి పిల్లలతో పాటే నడుస్తుంది. కాబట్టి చెవుడుతో పాటు నడక ఆలస్యం కూడా కనిపించిందంటే దానికి వేరే కారణం వెతకాలి. కండరాల బలం, మెదడు స్కాన్ బాగుంటే ఆ కారణం ఎక్కువసార్లు చెవిలోనే దొరుకుతుంది. అయితే కాలంతో పాటు ఈ ఆనవాలు ఒక్కటే సరిపోని పరిస్థితి వచ్చింది. అమెరికాలో పిల్లలకు ఇంప్లాంట్ అనుమతి 1990లో రెండేళ్లు నిండినవారికి ఇచ్చారు, 2000లో ఆ వయసు 12 నెలలకు, 2020లో 9 నెలలకు దిగింది. తొమ్మిది నెలల బిడ్డ నడవదు, నడవనక్కరలేదు కూడా. ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే మాటకు అంత మేలు, నిజమే. కానీ అంత చిన్న వయసులో సమతాస్థితి తెలియాలంటే నడకను చూసి ఊహించడం కుదరదు, పరీక్షే చేయాలి.

ఆ వయసులో ఏ పరీక్ష వీలవుతుంది అన్నదానికి ఇవాళ బాగా నిలబడిన జవాబు సీవెంప్. సిడ్నీలో కోల్‌బాచ్, హల్మాగి 1990ల మొదట్లో దీన్ని వైద్యంలోకి తెచ్చారు. సేక్యులస్‌కు ఒక విచిత్రమైన గుణం ఉంది: గట్టి శబ్దానికి, ఎముక కంపనానికి అది కూడా కదులుతుంది. ఆ కదలిక మెదడుకాండం మీదుగా మెడ కండరానికి చేరి, బిగిసి ఉన్న కండరాన్ని ఒక్క క్షణం సడలిస్తుంది. ఆ సడలింపునే యంత్రం గీస్తుంది. బిడ్డకు ఏమీ వినపడకపోయినా సేక్యులస్ బాగుంటే గీత వస్తుంది కనుక, పూర్తిగా చెవిటి బిడ్డకు కూడా శబ్దంతో చేయగలిగిన పరీక్ష ఇది. ఆరు నెలల బిడ్డకు దీన్ని చేసే తీరు చూస్తే ఎంత సాదాగా ఉంటుందో తెలుస్తుంది. తల్లి ఒళ్లో బిడ్డ సగం పడుకుని ఉంటుంది. మెడకు రెండు పక్కలా ఉండే పొడవాటి కండరం మీద, ఛాతీ మీద, నుదుటి మీద చిన్న చిన్న అంటింపు ఎలక్ట్రోడ్లు పెడతారు. ఒకరు ఒక పక్కన బొమ్మ ఆడిస్తే బిడ్డ తల అటు తిప్పుతుంది, రెండో పక్క కండరం బిగుస్తుంది. ఆ క్షణంలో చెవి వెనక ఎముకకు చిన్న కంపన పరికరం ఆనించి 500 హెర్ట్జ్ టప్ టప్ కంపనాలు వందకు పైగా ఇస్తారు. నిమిషం లోపే ఒక రికార్డింగు అయిపోతుంది. గాలి ద్వారా శబ్దం పంపడం కంటే ఎముక కంపనం పిల్లలకు మేలు: మధ్య చెవిలో నీరు చేరి ఉన్నా అడ్డు రాదు, ఇరుకైన చెవిదారిలోకి అంత గట్టి శబ్దం పంపవలసిన పనీ ఉండదు. ఇంప్లాంట్ తరవాత చేసే పరీక్షకు ఇది మరీ ముఖ్యం. ఎలక్ట్రోడు లోపలికి వెళ్లాక చెవి యాంత్రికంగా కాస్త బిగుసుకోవడం వల్ల గాలి శబ్దానికి గీత రాకపోవచ్చు, సేక్యులస్ బతికే ఉండవచ్చు. గాలి శబ్దం ఒక్కటే నమ్ముకుంటే ఆపరేషన్ చేయని నష్టాన్ని చేసినట్టు రాసుకునే ప్రమాదం ఉంది.

సీవెంప్ చెప్పేది సేక్యులస్ గురించి మాత్రమే. కుల్యల సంగతి వీహిట్ చెబుతుంది. తలను పది ఇరవై డిగ్రీల మేర చటుక్కున పక్కకు తిప్పినప్పుడు చూపు ఎదుటి బొమ్మ మీదే నిలిచిందా, జారిపోయి మళ్లీ గబుక్కున వెనక్కి వచ్చిందా అన్నది కెమెరా పట్టుకుంటుంది. ఇదే సంకేతాన్ని కెమెరా లేకుండా కంటితో పట్టే పద్ధతిని హల్మాగి, కర్తాయిస్ 1988లో వివరించారు. కళ్లజోడు కెమెరాకు బిడ్డ మూడు నాలుగేళ్లదై ఉండాలి. ఎదురుగా స్టాండు మీద పెట్టే కెమెరాతో నెలల పిల్లలకూ వీలవుతుంది. ఇంప్లాంట్ ఉన్న బిడ్డలో జాగ్రత్తలు వేరు. జోడు పట్టీ చెవి మీద పెట్టే ప్రాసెసర్ మీద పడకూడదు, తల పట్టుకునే చేతివేళ్లు చర్మం కింద ఉన్న అయస్కాంతం చోట నొక్కకూడదు, అక్కడ అతుక్కుని ఉండే కాయిల్ ఊడిపోతే బిడ్డకు ఆ క్షణంలో ఏమీ వినపడదు. ప్రాసెసర్ తీసేసే పరీక్ష ఏదైనా ముందుగా చేయవలసింది అంతా సైగలతో, బొమ్మలతో చూపించి నేర్పాకే తీయాలి. తిరిగే కుర్చీ పరీక్ష తల్లి ఒళ్లో కూర్చుని చేయించుకోవచ్చు, చెవిలో ఏమీ పోయరు, కాబట్టి చంటిపిల్లలకు అనువైనదే. కానీ అది చీకట్లో జరుగుతుంది. వినపడని బిడ్డకు చీకట్లో పెదాలూ కనపడవు, సైగా కనపడదు. తల్లి చెయ్యి బిడ్డ ఒంటి మీద ఉండాలన్నది ఇక్కడ పరీక్ష పద్ధతిలో భాగం. పైగా కుర్చీ రెండు చెవులనూ కలిపి కొలుస్తుంది, లోటు ఏ వైపో చెప్పలేదు. ఒక్కో వైపునూ విడిగా కొలిచే మరో పరీక్ష, చెవిలో 30, 44 డిగ్రీల నీళ్లు పోసి చేసే కెలోరిక్. దీన్ని నిలబెట్టిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బారనీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. కళ్లు తిరిగి వాంతి వచ్చేట్టు చేసే ఈ పరీక్షను చిన్నపిల్లలు ఓర్చుకోలేరు, ఓర్చుకొమ్మని అడగడమూ న్యాయం కాదు. కాస్త పెద్దయ్యాక, అవసరం ఉంటేనే చేయాలి.

యంత్రాలేవీ లేనిచోట ఏం చేయాలన్న ప్రశ్నకు టొరంటో బృందం ఇచ్చిన జవాబు అందరికీ అందుబాటులో ఉన్నది. బడి ఈడు పిల్లవాణ్ని కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటారు. నాలుగు సెకన్ల కంటే ముందే కాలు కింద పెట్టేస్తే రెండు వైపులా సమతాస్థితి పోయి ఉండవచ్చని గట్టిగా అనుమానించి పూర్తి పరీక్షలకు పంపాలి. ఈ చిన్న పరీక్ష వెనక తర్కం స్పష్టం. నిలబడేటప్పుడు మనిషికి మూడు చోట్ల నుంచి కబురు అందుతుంది: కళ్లు, కీళ్లూ కండరాలూ, లోపలి చెవి. కళ్లు మూస్తే మొదటిది పోతుంది, ఒక కాలు ఎత్తితే రెండోది పలచబడుతుంది, మిగిలిన భారమంతా చెవి మీద పడుతుంది. చెవి ఆ భారం మోయలేకపోతే పిల్లవాడు పక్కకు పడిపోతాడు. రెండు కాళ్ల మీద నిలబెట్టి కళ్లు తెరిచి ఉండమంటే అదే పిల్లవాడు ఎంతసేపైనా ఉంటాడు, చూసేవారికి లోటు ఏదీ తెలియదు. మన ఊళ్లలో తొక్కుడుబిళ్ల ఆడే పిల్లల మధ్య ఈ తేడా టీచరు కంట్లో పడుతూనే ఉంటుంది. కుంటుతూ గళ్లు దాటలేక ఎప్పుడూ మొదట్లోనే ఆగిపోయే పిల్లవాణ్ని బద్ధకస్తుడనో భయస్తుడనో అనుకుని ఊరుకుంటారు. ఇంకా చిన్నవాళ్లకు ఒంటికాలి పరీక్ష పనికిరాదు. వాళ్ల విషయంలో మెడ ఎప్పుడు నిలిచింది, ఎప్పుడు కూర్చుంది అని తల్లిని తేదీలతో అడగడం, మెత్తని దిండు మీద నిలబెట్టి చూడడం, చేత్తో తల తిప్పి కంటిని గమనించడం అన్న మూడూ ఏ ఆస్పత్రిలోనైనా చేయవచ్చు.

ఇంప్లాంట్ ఆపరేషన్ వల్ల సమతాస్థితి దెబ్బతింటుందా అన్నది తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, వాళ్లకు సూటిగా జవాబు చెప్పాలి. దెబ్బతినే అవకాశం ఉంది. ఎలక్ట్రోడు దూర్చేటప్పుడు పలచటి పొరలు చిరగవచ్చు, పరలసిక కారిపోవచ్చు, తరవాత లోపల వాపు వచ్చి మచ్చకట్టవచ్చు. ఎక్కువసార్లు నష్టపోయేది సేక్యులస్, కుల్యలు దానికంటే తక్కువ. పారిస్ పరిశీలనలో ఆపరేషన్ తరవాత మళ్లీ పరీక్షించిన 89 మందిలో చాలామందికి కొలతల్లో కొంత మార్పు వచ్చింది. ఇంప్లాంట్ పెట్టిన వైపు స్పందన పూర్తిగా పోయినవాళ్లు సుమారు పదిమందిలో ఒకరు. కర్ణావర్తానికి ఉండే గుండ్రటి కిటికీ ద్వారా మెల్లగా, చెవిని వీలైనంత తక్కువ గాయపరుస్తూ చేసే నేటి పద్ధతులు ఈ నష్టాన్ని తగ్గించాలన్న ఉద్దేశంతోనే వచ్చాయి. రెండో వైపు బాగా పనిచేస్తున్న బిడ్డకు ఒక వైపు నష్టాన్ని మెదడు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అసలు ప్రమాదం ఉన్నది మరో బిడ్డకు: ముందే ఒక చెవిలో సమతాస్థితి పోయి, మిగిలిన ఒక్క చెవితో నెట్టుకొస్తున్న బిడ్డకు. ఆ మిగిలిన చెవికే ఇంప్లాంట్ పెట్టి, అక్కడా స్పందన పోతే, అప్పటిదాకా నడిచిన బిడ్డ తూలడం మొదలుపెడుతుంది. ముందుగా పరీక్షించి ఉంటే సర్జన్ రెండో చెవిని ఎంచుకునేవాడు, లేదా రెండు చెవులకూ ఒకేసారి పెట్టే ఆలోచనను కొన్నాళ్లు వాయిదా వేసేవాడు. వినికిడి లెక్కన రెండు చెవులూ సమానంగా ఉన్నప్పుడు ఎటు వైపు పెట్టాలన్నది తేల్చడానికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, పిల్లలు సర్దుకుంటారు కదా అన్నది. చెవి ఇవ్వని కబురును కళ్ల నుంచీ పాదాల నుంచీ తెచ్చుకుని వాళ్లు నడుస్తారు, పరుగెత్తుతారు, సైకిలు కూడా తొక్కుతారు. ఇందులో నిజం ఉంది, ఆ సర్దుబాటును తక్కువ చేయనవసరం లేదు. కానీ ఆ సర్దుబాటు వెలుతురు మీదా గట్టి నేల మీదా ఆధారపడినది. రాత్రి కరెంటు పోయిన ఇంట్లో, వర్షానికి మెత్తబడిన పొలం గట్టు మీద, అన్నిటికంటే ముఖ్యంగా నీళ్లలో మునిగినప్పుడు అది చేతులెత్తేస్తుంది. నీటి అడుగున కళ్లకు దారి కనపడదు, పాదాలకు నేల తగలదు, పైకి ఏదో కిందికి ఏదో చెప్పవలసింది పేటికలోని సంచులే. అవి పనిచేయని పిల్లవాడు ఈత వచ్చినా అడుగు వైపే ఈదే ప్రమాదం ఉంది. కాలువలూ చెరువులూ ఉన్న ఊరి పిల్లల తల్లిదండ్రులకు ఈ ఒక్క మాట చెప్పడానికైనా పరీక్ష చేయదగ్గదే. చదువు విషయంలోనూ నష్టముంది. తల కదులుతున్నప్పుడు చూపు నిలవదు కనుక నల్లబల్ల మీంచి నోటుపుస్తకంలోకి చూపు మార్చిన ప్రతిసారీ అక్షరాలు చెదురుతాయి. ఇక ఇంప్లాంటే ప్రమాదంలో పడుతుంది. టొరంటో బృందం 2015లో, పరికరం పాడై మళ్లీ ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చిన పిల్లల్లో సమతాస్థితి లోపాలు మిగతా పిల్లల్లో కంటే ఎక్కువని చూపింది. తరచుగా పడే పిల్లవాడి తలకు తగిలే చిన్న చిన్న దెబ్బలు చర్మం కింది పరికరానికీ తగులుతాయి. లక్షల ఖర్చుతో పెట్టిన పరికరాన్ని కాపాడుకోవడం వినికిడి కార్యక్రమానికి సంబంధం లేని పని అని ఎవరూ అనలేరు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: లోపం ఉందని తెలిసినా మందు లేదు కదా, తెలిసి ఏం లాభం? మందు లేని మాట నిజమే. కానీ వ్యాయామ చికిత్స ఉంది. చెవుడూ సమతాస్థితి లోపమూ ఉన్న పిల్లలకు క్రమంగా వ్యాయామాలు చేయిస్తే చలన వికాసం మెరుగుపడుతుందని రోజ్ మేరీ రైన్ బృందం 2004లో, చికిత్స పొందిన పిల్లలనూ పొందని పిల్లలనూ పోల్చి చూపింది. స్పీచ్ థెరపీకి వారానికి రెండు మూడు సార్లు వచ్చే బిడ్డకు అదే గదిలో దిండు మీద నిలబడి బంతి విసరడం, తల తిప్పుతూ బొమ్మను చూడడం నేర్పడానికి వేరే ప్రయాణం అక్కర్లేదు. అంతకంటే పెద్ద లాభం కారణం తెలియడం. చెవుడు, నడక ఆలస్యం, స్కాన్లో ఏమీ లేకపోవడం – ఈ మూడూ కలిసిన బిడ్డలో అషర్ సిండ్రోమ్ మొదటి రకాన్ని తలచుకోవాలి. ఆ పిల్లలకు పదేళ్ల వయసు రాకముందే రేచీకటి మొదలై, చూపు అంచుల నుంచి క్రమంగా కుంచించుకుపోతుంది. చూపు పోతే సైగల భాష కష్టమవుతుంది కాబట్టి వాళ్లకు ఇంప్లాంట్ ఇంకా తొందరగా, వీలైతే రెండు వైపులా కావాలి. కంటి పరీక్షలూ జన్యు పరీక్షలూ ఎప్పుడు చేయించాలో చెప్పే తొలి గుర్తు సమతాస్థితి లోపమే. అషర్ సిండ్రోమ్ తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్ట జన్యువు వస్తేనే బయటపడే జబ్బు. మేనరికాలు ఇంకా సాగుతున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాల్లో ఇలాంటి జబ్బుల అవకాశం ఎక్కువ. తరవాతి బిడ్డ గురించి ఆలోచిస్తున్న దంపతులకు ఈ సమాచారం విలువ చెప్పనక్కర్లేదు.

మూడో అభ్యంతరం ఖర్చు, కాలయాపన గురించి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, కేంద్రం నడిపే అడిప్ పథకం వల్లే తెలుగు నాట పేదింటి పిల్లలకు ఈ ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. దానికి మరో పరీక్ష జోడిస్తే ఫైలు ఇంకో నెల ఆగుతుందన్న భయం న్యాయమైనదే, ఎందుకంటే మాట నేర్చే వయసులో ఒక్కో నెలా విలువైనది. సమతాస్థితి పరీక్ష ఫలితం ఇంప్లాంట్‌ను ఆపడానికి కారణం కాకూడదు, ఫలితం కోసం ఆపరేషన్ తేదీని వెనక్కి జరపనూ కూడదు. ఆ షరతుతోనే ఇది సాధ్యమని బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం చూపింది. అక్కడ 2018 నుంచి, వినికిడి లోపం తేలిన ప్రతి బిడ్డకూ ఆరు నెలల వయసులో ఎముక కంపనంతో సీవెంప్ చేస్తున్నారు. మొదటి మూడేళ్లలో చూసిన 254 మందిలో 35 మందికి, అంటే నూటికి దాదాపు 14 మందికి, ఫలితం సరిగా రాలేదు. తీవ్రమైన, అతి తీవ్రమైన చెవుడు ఉన్నవారిలో ఆ నిష్పత్తి నూటికి ఇరవై దాటింది. కుల్యలు మాత్రమే చెడిన బిడ్డ ఈ ఒక్క పరీక్షకు చిక్కకపోవచ్చునన్న విమర్శ సరైనదే. వడపోత పరీక్షకు ఆ పరిమితి ఎప్పుడూ ఉంటుంది, అనుమానం ఉన్నచోట వీహిట్, కుర్చీ పరీక్షలు ఎలాగూ చేస్తారు. మన దగ్గర కూడా పెద్ద ఆస్పత్రుల్లో బెరా తీసే యంత్రాలలో కొన్నింటికి సీవెంప్ తీసే వీలు ఉంటుంది, కావలసింది కంపన పరికరమూ, దాన్ని వాడడం నేర్చిన ఆడియాలజిస్టూ. సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థలాంటి చోట్ల తయారయ్యే ఆడియాలజిస్టులకు చంటిపిల్లల సమతాస్థితి పరీక్షను చేతితో చేయించి నేర్పితే జిల్లాలకు ఆ నేర్పు దానంతట అదే చేరుతుంది.

ఆపరేషన్‌తో పరీక్షల పని ముగిసిపోదు. ప్రాసెసర్ ఆన్ చేసి మ్యాపింగులు (బిడ్డకు తగినట్టు చేసే సర్దుబాట్లు) స్థిరపడ్డాక, అంటే కొన్ని నెలల తరవాత, సీవెంప్, వీహిట్ మళ్లీ చేసి ముందటి కొలతలతో పోల్చాలి. రెండో చెవికి ఇంప్లాంట్ అనుకుంటున్నప్పుడు, ఆ ఆపరేషన్‌కు ముందు, మొదటి చెవి స్థితి తప్పనిసరిగా తెలిసి ఉండాలి. ఇంప్లాంట్ ఆన్‌లో ఉన్నప్పుడు కొందరు పిల్లలు ఆఫ్‌లో కంటే కాస్త స్థిరంగా నిలబడడం టొరంటోలో గమనించారు. తల వాలినప్పుడు ఆ సమాచారాన్ని ఇంప్లాంట్ ద్వారానే అందించే పరికరాన్ని అక్కడ ప్రయోగాత్మకంగా పరీక్షించారు. కుల్యలను నేరుగా విద్యుత్తుతో ప్రేరేపించే పేటికా ఇంప్లాంట్లను జెనీవా, మాస్ట్రిక్ట్, జాన్స్ హాప్కిన్స్ బృందాలు పెద్దవాళ్లలో పరిశోధనగా అమర్చాయి. ఇవి పిల్లల దాకా వచ్చేలోగా తల్లిదండ్రుల చేతికి ఇచ్చే డిశ్చార్జి కాగితంలో రెండు మూడు పంక్తులు చేర్చడం మాత్రం ఇవాళే వీలయ్యే పని: బిడ్డ సమతాస్థితి ఏ చెవిలో ఎంత ఉంది, నీళ్లలో ఒంటరిగా దిగనివ్వకూడదా, తదుపరి పరీక్ష ఏ నెలలో.